మూరెడు రాయి

అగరొత్తి పొగ నిటారుగా లేచింది.

లేచి... ఒక్క క్షణం నిలబడి... పక్కకి వంగింది.

"ఇదుగో బాబూ, ఇక్కడ" అన్నాడు వీరభద్రం.

కిటికీ చెక్కకీ గోడకీ మధ్య కంటికి ఆనని సందు ఒకటుంది. అందులోంచి న్యూజెర్సీ అక్టోబరు గాలి ఇంట్లోకి దూరుతోంది. పెద్దాయన చెవి మీది పెన్సిలు తీసి అక్కడ చిన్న సున్నా చుట్టాడు. మళ్లీ అగరొత్తి పట్టుకుని గోడ వెంట నడిచాడు. పొగ వంగిన చోటల్లా ఒక సున్నా.

వెనకాలే శశికాంత్. చేతిలో సీలెంట్ ట్యూబు. సున్నా కనబడితే చాలు, పూడ్చేయడమే.

ముందు మావగారు, వెనక అల్లుడు. ఆ రోజు ఇద్దరూ ఎంత ముచ్చటగా ఉన్నారో! గీతాంజలి వంటింటి గుమ్మంలో నిలబడి చూసి నవ్వుకుంది. పూజ కోసం తెచ్చుకున్న అగరొత్తులన్నీ గోడలకే అయిపోతున్నాయని పైకి మాత్రం విసుక్కుంది.

ఆ ఇల్లు డోవర్ ఊరు దాటాక కొండవాలు మీద ఉంటుంది. పాతది. రెండేళ్ల కిందట కొన్నారు. కొన్న ఏడాదే అక్టోబరులో మంచు పడి, కొమ్మలు విరిగి, కరెంటు పోయింది. ఐదు రోజులు. హాల్లో ఇనప పొయ్యి ఉంది, గరాజులో కట్టెలున్నాయి. అయినా వెలిగించడానికి భయపడి మొగుడూ పెళ్లాలిద్దరూ కోట్లు వేసుకునే పడుకున్నారు. ఆ పొయ్యి ముందు చెక్కనేల మీద చిల్లర పైసలంత నల్లమచ్చలు మూడున్నాయి. ఇదివరకటి వాళ్ల కాలంలో పడిన నిప్పురవ్వలవి. పొయ్యి కింద ఇటుక అరుగు మరీ పొట్టిది. తలుపు తీస్తే రవ్వ నేరుగా చెక్క మీదే పడుతుంది.

ఇల్లు చూడటానికొచ్చిన ఇన్‌స్పెక్టరు అప్పుడే కాగితం మీద రాసిచ్చాడు. పొయ్యి తలుపు ముందు పద్దెనిమిది అంగుళాలు రాయి ఉండాలి అని.

రెండేళ్లు ఆ కాగితం ఫ్రిజ్ మీదే ఉంది.

2013 సెప్టెంబరులో వీరభద్రం వచ్చాడు. కూతురి కాపురం చూడటానికి, ఆరు నెలలకి. పిడుగురాళ్ల మనిషి. అరవై ఆరేళ్లు. ఆయన పెట్టెలో పచ్చళ్ల కింద, పాత తువ్వాలులో చుట్టిన తాపీ ఉంది. ఎందుకు తెచ్చుకున్నావు నాన్నా అంటే, చేతికి తోడు అన్నాడు.

అవును. ఆయన తాపీ మేస్త్రీ.

ఆ మాట శశికాంత్ ఎక్కడా అనలేదు. పెళ్లయి ఆరేళ్లు. స్నేహితుల దగ్గర "కన్‌స్ట్రక్షన్ ఫీల్డ్" అన్నాడు. జెర్సీ సిటీ ఆఫీసులో ఇంకో మెట్టు పైకెక్కించి "కాంట్రాక్టర్" అన్నాడు. అబద్ధం కాదు... నిజమూ కాదు. అలాంటి మాటలు ఏరుకోవడంలో అతను ఆరితేరాడు.

అతనికి సిగ్గు ఎక్కువ. ఏ సిగ్గు పడాలో తెలియని సిగ్గు. రైల్లో తన కోటుకి పోపు వాసనొస్తోందేమోనని సిగ్గు. పక్క సీటామె ముక్కు రుద్దుకుంటే ఆ రోజంతా పాడైపోయేది. అందుకే వంటింట్లో హోటళ్లలో పెట్టేంత పెద్ద ఫ్యాను పెట్టించాడు. స్విచ్చి వేస్తే ఆవాలు చిటపటలాడటం కూడా వినపడదు. వాసన పుట్టీ పుట్టకముందే బయటికి లాగేస్తుంది.

వాసన లాగేస్తుంది... గాలీ లాగేస్తుంది. అది అతనికి తట్టలేదు.

వీరభద్రం ఫ్రిజ్ మీది కాగితం చదివించుకున్నాడు.

"పద్దెనిమిది అంగుళాలంటే మూరేగా" అన్నాడు.

పొయ్యి ముందు నేల మీద కూర్చుని, మోచెయ్యి ఇనప తలుపు కింద ఆనించి, వేళ్లు చాచాడు. వేలి చివర పెన్సిలుతో గీత గీశాడు. శశికాంత్ నమ్మకం కుదరక టేపు పెట్టి చూశాడు. పద్దెనిమిది. వెంట్రుకవాసి తేడా లేదు.

"కొలబద్ద తెచ్చుకోవడం మర్చిపోయినా చెయ్యి మర్చిపోను కదా" అని పెద్దాయన నవ్వాడు.

హోమ్ డిపో సామాన్ల కొట్టుకి రెండుసార్లు, కొండ కింద రాళ్లమ్మే యార్డుకి మూడుసార్లు వెళ్లారు. బూడిదనీలం పలకలు ఒక్కొక్కటీ వేలితో కొట్టి, చప్పుడు విని ఎంచుకున్నాడు. అమ్మేవాడికి తెలుగు రాదు, ఈయనకి ఇంగ్లీషు రాదు. రాయి ఇద్దరికీ వచ్చు. అరగంటలో వాడు ఈయన భుజం తట్టి కాఫీ ఇచ్చాడు.

చెక్కనేల కోశారు. కింద సిమెంటు బోర్డు పరిచారు. దాని మీద ఇసుకా సిమెంటూ కలిపిన మాలు, మాలు మీద పలక. రసమట్టం పెట్టి ఎచ్చుతగ్గులు చూడటం, పిడితో మెల్లగా తట్టడం, మళ్లీ చూడటం. శశికాంత్ నీళ్లు పోశాడు, మాలు కలిపాడు, బొబ్బలు తెచ్చుకున్నాడు. వారం రోజులు ఆఫీసు నుంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు. అంత సంతోషంగా ఎప్పుడూ రాలేదేమో.

చివరి రోజున వీరభద్రం పొయ్యి వెనక గోడలో బూడిద బయటికి తోసే పాత కన్నం ఒకటి కనిపెట్టాడు. ఎవరో మట్టీ పెంకులూ కుక్కి మూసేశారు. ఆయన దాన్ని తవ్వి శుభ్రం చేశాడు. లోపల నున్నగా మెత్తాడు. బయటి వైపు ఎలకలు దూరకుండా ఇనప జల్లెడ బిగించాడు.

"ఇదొక్కటి పూడ్చకూడదు బాబూ. ఇల్లంతా బిగించేశాం. ఇంక పొయ్యికి గాలెట్టా? ఇక్కణ్ణుంచి వచ్చిద్ది, పొయ్యి పీల్చుకుద్ది, గొట్టంలోంచి పోద్ది."

అగరొత్తి వెలిగించి కన్నం దగ్గర పెట్టి చూపించాడు. పొగ పొయ్యి వైపు వంగి, ఇనప సందులోకి బుద్ధిగా వెళ్లిపోయింది.

శశికాంత్ తలూపాడు. వింటున్నట్టే ఊపాడు.

నవంబరు వచ్చింది. చలి ముదిరింది. సోఫాలో కూర్చుంటే కాళ్లకి చల్లగాలి... ఆ కన్నంలోంచే. ఇల్లంతా పూడ్చి, అన్ని సున్నాలూ చెరిపి, ఈ ఒక్కటీ ఎందుకు వదలాలి? శశికాంత్ నాలుగు వీడియోలు చూశాడు. చలి చొరబడితే ఎంత నష్టమో ఆ నాలుగింట్లోనూ చెప్పారు. ఒక శనివారం పొద్దున మావగారు కూతురితో గుడికి వెళ్లినప్పుడు, ఫోము డబ్బా తీసి కన్నంలో కొట్టాడు. అది పసుప్పచ్చగా ఉబ్బింది, నిండింది, గట్టిపడింది. పైకి ఉబికింది కోసేసి, ముందు ఒక ఇటుక ఆనించాడు.

పెద్దాయనకి చెప్పలేదు.

మేస్త్రీ కదా, ఆయనకేం తెలుసు ఇన్సులేషన్ గురించి అనుకున్నాడు.

అనుకున్నాడు. ఇప్పుడు ఆ మాట తలచుకుంటేనే ఒళ్లు కుంచించుకుపోతుంది. కానీ ఆ రోజు అనుకున్నాడు.

డిసెంబరు మొదటి శనివారం భోజనానికి కేశవరావు, ఆయన భార్య జ్ఞానప్రసూన వచ్చారు. కేశవరావు ఆఫీసులో పెద్ద. శశికాంత్ గ్రీన్‌కార్డు కాగితాల మీద సంతకం పెట్టేది ఆయనే. మంచివాడే. మంచివాడని తెలిసినా శశికాంత్‌కి ఆయన ముందు వెన్ను నిటారుగా నిలబడదు.

వచ్చీరాగానే కేశవరావు కళ్లు అరుగు మీద పడ్డాయి. వంగి చేత్తో నిమిరాడు.

"అబ్బ! ఏం ఫినిషింగయ్యా! ఎవరు చేశారు?"

వీరభద్రం అక్కడే ఉన్నాడు. తెల్లచొక్కా గుండీలన్నీ పెట్టుకుని సోఫా అంచున కూర్చున్నాడు.

"నేనేనండీ. వీకెండ్స్‌లో... డీఐవై ప్రాజెక్ట్‌లాగా" అన్నాడు శశికాంత్.

ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలియదు. నోట్లో సిద్ధంగా ఉన్నట్టుంది. కేశవరావు వీపు చరిచాడు. జ్ఞానప్రసూన ఫోన్లో ఫోటో తీసుకుంది. వీరభద్రం అల్లుడి వంక చూసి చిన్నగా నవ్వాడు. ఆ నవ్వులో ఎత్తిపొడుపు ఉన్నా బాగుండేది. లేదు. పిల్లాడు నేర్చుకున్నాడులే అన్నట్టుంది.

వంటింట్లో గీతాంజలి చెయ్యి గరిటె మీద ఆగింది.

తర్వాత పొయ్యి వెలిగించారు, కన్నం పూడ్చాక మొదటిసారి. వెలిగించింది శశికాంతే. ముగ్గురూ చూస్తుండగా అగ్గిపుల్ల గీశాడు. లోపల గీతాంజలి పులుసుకి పోపు వేస్తూ ఫ్యాను స్విచ్చి పూర్తిగా తిప్పింది.

కట్టె అంటుకుంది. పొగ లేచింది.

గొట్టంలోకి వెళ్లలేదు.

పొయ్యి తలుపు సందుల్లోంచి, పైనుంచి, కిందనుంచి హాల్లోకి వచ్చింది. ముందు పాయలు పాయలుగా... తర్వాత మూటలు మూటలుగా. అలారం అరిచింది. మేడమీది అలారమూ అందుకుంది. జ్ఞానప్రసూన కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. కేశవరావు దగ్గుతూ కళ్లు తుడుచుకున్నాడు.

"ఏంటయ్యా ఇది! పనిలో ఏదో లోపముందే. అసలు ఎవరన్నా ప్రొఫెషనల్‌కి చూపించావా?"

అప్పుడు అన్నాడు శశికాంత్.

"నేను కాదండీ... మావయ్యగారు చేశారు. ఆయన ఊళ్లో తాపీ మేస్త్రీ లెండి. ఇక్కడి పద్ధతులు ఆయనకి తెలీవు కదా."

ఆరేళ్లు దాచిన మాట. తాపీ మేస్త్రీ. చెప్పాల్సిన రోజులు ఎన్నో వచ్చాయి. అప్పుడు చెప్పలేదు. దోషం మోపడానికి పనికొచ్చిన రోజున చెప్పాడు.

వీరభద్రం లేచాడు. ఎవరి వంకా చూడలేదు. దేవుడి అర దగ్గర అగరొత్తి తీసి వెలిగించుకుని వచ్చి అరుగు మీద మోకాళ్ల మీద కూర్చున్నాడు. పొయ్యి తలుపు దగ్గర పెట్టాడు. పొగ వంటింటి వైపు వంగింది, ఫ్యాను పిలిచినట్టు. వెనక్కి తీసుకెళ్లి కన్నం దగ్గర పెట్టాడు.

పొగ నిటారుగా నిలబడింది.

ఇటుక పక్కకి జరిపాడు. పసుప్పచ్చటి ఫోము. దాని మీద వేలు పెట్టాడు.

పెట్టి... తల తిప్పి అల్లుడిని చూశాడు.

ఒక్క చూపు. శశికాంత్ ఆ వేలినే చూస్తున్నాడు. ఇప్పుడు చెప్పేస్తాడు, అందరి ముందూ చెప్పేస్తాడు... చెప్పనీ, చెప్పినా బాగుండు, నేల చీలి లోపలికి పోయినా బాగుండు.

పెద్దాయన ఇటుకని మళ్లీ యథాస్థానంలో ఆనించాడు. లేచి వెళ్లి కిటికీ నాలుగు వేళ్లు ఎత్తాడు. వంటింట్లో ఫ్యాను ఆపాడు. నిమిషంలో పొగ దారి తెలుసుకుని గొట్టంలోకి మళ్లింది.

తర్వాత కేశవరావు ముందు నిలబడి చేతులు జోడించాడు.

"నా పనిలోనే తేడా వచ్చిందండీ. మమ్మల్ని క్షమించాలి."

భోజనాలు చేశారు. పులుసు బాగుందన్నారు. వెళ్లిపోయారు.

కారు మలుపు తిరగ్గానే గీతాంజలి మొగుడి ముందుకొచ్చి నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పొగ వల్ల కాదు.

"రాయి బాగుంటే నువ్వు. పొగొస్తే మా నాన్నా?"

ఆమె అడిగింది న్యాయం. కానీ ఆమెకి తెలిసింది సగమే. ఆ రెండో సగం ఇటుక వెనక ఉంది. దాని సంగతి ముగ్గురిలో ఇద్దరికే తెలుసు. ఒకడు నోరు విప్పడు. ఒకడు విప్పలేడు.

అదే అసలు పాపమయింది.

ఎందుకంటే గీతాంజలి మొగుడిని తిట్టినంత తిట్టి, ఆ తర్వాత తండ్రి గురించి దిగులు పెట్టుకుంది. నాన్న చెయ్యి తప్పడం తనెప్పుడూ చూడలేదు. మరి తప్పిందంటే వయసే. చూపు మందగించిందేమో, చెయ్యి వణుకుతోందేమో. ఊళ్లో అన్నయ్యకి ఫోను చేసింది. ఇద్దరూ మాట్లాడుకున్నారు. తండ్రి పక్కన కూర్చుని, ఆయన చెయ్యి పట్టుకుని, ప్రేమగానే చెప్పింది.

"ఇంక పనులొప్పుకోకు నాన్నా. చాలు. చేసినంత చేశావు."

వీరభద్రం కూతురి చేతిలో ఉన్న తన చేతిని చూసుకున్నాడు.

"సరేనమ్మా" అన్నాడు.

శశికాంత్ పక్క గదిలోనే ఉన్నాడు. విన్నాడు. లేచి నాలుగు అడుగులేస్తే చాలు. ఆయన చెయ్యి తప్పలేదు గీతా, నేనే పూడ్చాను... నాలుగు అడుగులు, నాలుగు ముక్కలు. లాప్‌టాప్ ముందుకి లాక్కున్నాడు.

మార్చిలో వెళ్లాల్సిన మనిషి టికెట్ డిసెంబరుకే ముందుకి జరిపించుకున్నాడు. చలి పడటం లేదన్నాడు. విమానాశ్రయంలో అల్లుడి భుజం మీద చెయ్యేసి, "పొయ్యి దగ్గర జాగ్రత్త బాబూ" అన్నాడు. శశికాంత్ గొంతులో మాట అక్కడిదాకా వచ్చింది. సెక్యూరిటీ లైను కదిలింది. పెద్దాయన చెప్పులు విడిచి ట్రేలో పెట్టి, వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు.

ఇంటికొచ్చి చూస్తే ఆయన గదిలో అలమర అరలో పాత తువ్వాలు మడత ఉంది.

లోపల తాపీ.

మర్చిపోయాడేమో అంది గీతాంజలి. మర్చిపోలేదు. శశికాంత్‌కి తెలుసు. పని మానేసిన మనిషికి తాపీ ఎందుకు?

పొయ్యి మళ్లీ వెలిగించలేదు. నాన్న పని అలా అయిపోయాక దాన్ని చూడబుద్ధి కావడం లేదని గీతాంజలి ఒకసారి అంది. మూడు వారాలు ఆ అరుగు మీద ఎవరూ కాలు పెట్టలేదు. శశికాంత్ దాన్ని చుట్టి నడిచేవాడు. చెప్పులు విడిచి మరీ చుట్టి నడిచేవాడు.

జనవరిలో ఆ చలి వచ్చింది. ఉత్తరం నుంచి దిగివచ్చి కొండని పట్టుకుంది. ఆ శనివారం పొద్దున తొమ్మిదింటికి బయట సున్నాకి కిందికి పోయింది. హీటరు గొణుక్కుంటూ నడుస్తున్నా హాల్లో వేళ్లు కొంకర్లు పోతున్నాయి. గీతాంజలి పాల కోసం కొండ కిందికి వెళ్లింది.

శశికాంత్ అరుగు ముందు నిలబడ్డాడు. మావగారు వెళ్లాక మొదటిసారి దాని మీద మోకాళ్లు ఆనించాడు.

ఇటుక తీశాడు.

వంటింటి కత్తితో ఫోము గీకాడు. కత్తి వంగింది. స్క్రూడ్రైవరు పెట్టాడు, జారింది. కాసేపు ఊరికే కూర్చున్నాడు. తర్వాత లేచి వెళ్లి తువ్వాలు మడత విప్పాడు.

తాపీ పిడి ఒకవైపు అరిగి ఉంది. ఆ అరుగుదల ఇంకొకరి చేతిది. అతని చేతికి కుదరలేదు. అయినా దాంతోనే తవ్వాడు. పసుపు ముక్కలు రాలాయి. ఒళ్లో, రాతి మీద, జుట్టులో. చివరి ముక్క ఊడగానే చల్లగాలి మొహానికి కొట్టింది.

చెయ్యి లోపలికి పెట్టి తడిమాడు. గోడ లోపల, మోచేతి లోతున, ఎవరి కన్నూ ఎప్పటికీ పడని చోట... నున్నగా ఉంది. పైన అరుగు ఎంత నున్నగా ఉందో అంత నున్నగా. మాలు పచ్చిగా ఉన్నప్పుడు ఆనిన బొటనవేలి గుర్తు ఒకటి తగిలింది. చెయ్యి వణికితే అలా ఆనదు. గట్టిగా, లోతుగా, ఒక్కసారే ఆనింది.

శశికాంత్ చెయ్యి బయటికి తీయలేదు. అలాగే కూర్చుని ఏడ్చాడు.

గీతాంజలి వచ్చేసరికి పొయ్యి మండుతోంది. పొగ లేదు. మొగుడు అరుగు మీద అగరొత్తి పట్టుకుని కూర్చున్నాడు. చుట్టూ ఫోము ముక్కలు. పక్కన నాన్న తాపీ.

ఆమె కన్నాన్ని చూసింది. ముక్కల్ని చూసింది. అతన్ని చూసింది.

"నేనే పూడ్చాను" అన్నాడు. "నవంబర్‌లో. మీరు గుడికెళ్లినప్పుడు. ఆ రోజు... ఆయన చూశారు. చూసి కూడా..."

ఆమె అరవలేదు. పాల డబ్బా కింద పెట్టింది, కోటు విప్పలేదు. తన ఫోను తీసి నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, అరుగు మీద అతని ముందుంచింది.

"నాకు కాదు. ఆయనకి చెప్పు."

అక్కడ రాత్రి ఎనిమిదవుతూ ఉంటుంది. నాలుగు రింగులు.

"ఏం బాబూ! చలి బాగా ఉందంట కదా, టీవీలో చూపిస్తన్నారు. పొయ్యి వెలిగించారా?"

శశికాంత్ చెప్పాడు. ముక్కలు ముక్కలుగా, ముందుది వెనక, వెనకది ముందు. తాపీతోనే తవ్వానని చెప్పాడు. లోపల బొటనవేలి గుర్తు ఉందని చెప్పాడు. మీ పనిలో తేడా లేదు మావయ్యగారూ అన్నాడు. నన్ను క్షమించండి అన్నాడు.

అటువైపు ఎక్కడో ఆటో వెళ్లిన చప్పుడు.

"తేడా లేదని నాకు తెలుసు బాబూ" అన్నాడు వీరభద్రం.

గొంతులో కోపం లేదు. ఒక్కటే అడిగాడు.

"ఆ కేశవరావుగారికి చెప్పారా?"

గీతాంజలి మొగుడి వంక చూసింది. ఫోను అరుగు మీద వెలుగుతూనే ఉంది. అటువైపు పెద్దాయన ఎదురుచూస్తున్నాడు. తొందర లేదు. మాలు గట్టిపడేదాకా కూర్చునే అలవాటున్న మనిషి.

శశికాంత్ నోరు తెరిచాడు...

అగరొత్తి పొగ నిటారుగా లేచింది. లేచి, ఒక్క క్షణం నిలబడి, పొయ్యి వైపు వంగింది.

కొసన బూడిద తెగి రాలింది.

రాయి మీదే. మూరెడు లోపలే.